ఇరవై నాలుగు మొండి తూటాలు

తుపాకీ బోల్ట్ సగం దూరం వచ్చి మళ్ళీ మొరాయించింది. ఎర్మాన్నో అరచేత్తో బలంగా అదిమితే గాని కిందికి దిగలేదు.

"ఇలా మొరాయించినవాటిలో ఇది పన్నెండోది," అన్నాడు అతని స్నేహితుడు తుల్లియో. "ముందే తూటాని పేల్చే ఆ సూది తీసి పక్కన పెట్టావు కాబట్టి సరిపోయింది. లేకపోతే నీ కుస్తీకి ఈపాటికి కొంప లేచిపోయేది."

మధ్యాహ్నం మూడింటికి ఫైనల్. గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. లోయ పోటీల్లో తొమ్మిదేళ్ళుగా ఎర్మాన్నోది రెండో స్థానమే. కాఫీ కొట్టువాడు కూడా అతన్ని 'రెండో ఎర్మాన్నో' అనే పిలుస్తాడు. ఈసారి ఆ పేరు వదిలించుకోవాలని చలికాలమంతా నేలమాళిగలో కూర్చుని, పేలిన ఖాళీ గుల్లలే మళ్ళీ నింపి యాభై తూటాలు స్వయంగా తయారు చేసుకున్నాడు. తీరా చూస్తే ఇప్పటిదాకా పెట్టి చూసినవాటిలో సగం తుపాకీలోకి దిగనంటున్నాయి. బోర్లా పడుకుని గురి పెట్టినవాడు ప్రతి తూటాకీ బోల్ట్‌తో కొట్లాడితే ఇక గురి ఏం నిలుస్తుంది?

దానికి తోడు ఇరవై ఏడో నంబరు బెంగ ఒకటి. ఈ క్లబ్బులో అర్హత పోటీకి పేర్లు రాయరు. ఎవరికి వీలున్న రోజు వాళ్ళు వెళ్ళి కాల్చి వస్తారు, ఇత్తడి బిళ్ళ మీది నంబరే గుర్తు. ఏ బిళ్ళ ఎవరిదో ఫైనల్ రోజు గాని బయటపడదు. ఎర్మాన్నో కంటే ఇరవై ఏడు ఒక్క పాయింటు ముందుంది. తుల్లియో అర్హత పోటీలోనే ఓడిపోయాడు కాబట్టి అతనికి ఏ బెంగా లేదు.

"ఆ ఇరవై ఏడుగాడు బ్రెషా పట్నం నుంచి దిగిన మొనగాడే అయ్యుంటాడు," అన్నాడు తుల్లియో.

"మొహం చూడని మనిషిని గాడూ గీడూ అనకు," అంది ఓర్సోలీనా పొయ్యి దగ్గర నుంచి.

ఓర్సోలీనా ఎర్మాన్నోకి అత్తగారు. డెబ్భై ఒకటి నిండాయి. ఆదివారం కాబట్టి పొద్దుటి నుంచీ మాంసం గుచ్చిన చువ్వలు తిప్పుతూ, గరిటెతో వెన్న పోస్తూ కూర్చుంది. ఒకప్పుడు తుపాకీ గొట్టాల కార్ఖానాలో ముప్ఫై ఏళ్ళు పని చేసింది. గొట్టం తిన్నగా ఉందో లేదో ఒంటికన్నుతో చూసి చెప్పడం ఆవిడ పని. మూడేళ్ళ క్రితం మామగారు పోయారు. ఎర్మాన్నోకి తూటాలు చేయడం నేర్పింది ఆయనే. ఆయన తుపాకీ, ఎర్మాన్నో తుపాకీ కొలతదే, ఇప్పటికీ క్లబ్బు బీరువాలోనే ఉంది. ఆయన పోయాక ఓర్సోలీనా గురువారాలు బస్సెక్కి చెల్లెలి ఇంటికి వెళ్ళొస్తుంది, మిగతా రోజులు ఇంటిని అద్దంలా ఉంచుతుంది. పొలెంటా అనే మొక్కజొన్న సంకటి వండే రాగి గుండిగ తోమేటప్పుడు పనిలో పనిగా అల్లుడి ఖాళీ గుల్లలు కూడా వెనిగర్, ఉప్పు వేసి తళతళలాడేలా కడిగిపెడుతుంది.

"తప్పు కొసన బిగించిన గుండుదా, ఇత్తడి గుల్లదా?" అని అడిగింది ఆవిడ. "గుండు పెట్టని గుల్లతో బోల్ట్ మూసి చూడు. పోయినాయన అయితే మొదట అదే చేసేవాడు."

ఎర్మాన్నోకి ఒళ్ళు మండింది గాని, వేరే దారి లేదు. గుండు బిగించని గుల్లలు డబ్బాలో కొన్ని మిగిలి ఉన్నాయి. ఒకటి జారిపోయింది. రెండోది బిగుసుకుంది. అంటే గుండుది తప్పు కాదు. పొడవు కొలిచాడు, అన్నీ ఒకటే. అప్పుడు ఆవిడే నల్ల మార్కర్ అందించి గుల్లకి రంగు పూయమంది. పూసి, పెట్టి, మూసి, తీశాడు. మెడ కింది వంపు మీద రంగు ఉంగరంలా చెరిగిపోయింది.

"అక్కడ ఒరుసుకుంటోంది," అన్నాడు తుల్లియో లేచి నిలబడి.

"ఎలా కుదురుతుందిరా? గుల్ల మళ్ళీ నింపేటప్పుడు నేను మెడ తప్ప ఇంకేం సరిచేయను," అన్నాడు ఎర్మాన్నో. ఒకసారి పేలిన గుల్ల, చెప్పు కాలికి అలవాటైనట్టు, ఆ తుపాకీలో తూటా కూర్చునే గదికి అచ్చంగా సరిపోతుంది. తన తుపాకీలో పేలినది తన తుపాకీలోకి వెన్నలా జారాలి.

"మరి నీ తుపాకీలో పేలనిదైతే?"

ఇద్దరూ ఓర్సోలీనా వైపు తిరిగారు. ఎర్మాన్నో తుపాకీ మీదికి వంగాడు. గబగబా యాభై తూటాలూ ఒక్కొక్కటే పెట్టి చూశాడు. ఇరవై ఆరు జారాయి, ఇరవై నాలుగు మొండికేశాయి. ఫైనల్‌కి కావలసినవి ఇరవై. పట్టలేని సంతోషంతో అత్తగారి నుదుటి మీద ముద్దు పెట్టేశాడు.

పరాయి గుల్లలు డబ్బాలోకి ఎలా వచ్చాయన్నది మాత్రం తేలలేదు. తనకేం తెలియదని తుల్లియో తల్లి మీద ఒట్టు వేశాడు. ఇది కచ్చితంగా ఇరవై ఏడుగాడి కుట్రే అన్నాడు.

"మీరు లేకపోతే ఇవాళ మునిగిపోయేవాణ్ణి అత్తయ్యా," అన్నాడు ఎర్మాన్నో.

"బోల్ట్ మొండికేసి ఓడిపోయావంటే ఇంకో తొమ్మిదేళ్ళు ఆ సాకే వినాలి. ఓడినా గెలిచినా తిన్నగా తేలాలి, అల్లుడూ."

అతను నవ్వుతూ సూది మళ్ళీ బిగించి తుపాకీ పెట్టెలో సర్దాడు. మొండి తూటాలను తుక్కు డబ్బా వైపు తోశాడు.

"పారేయకు. తీరిగ్గా గుండ్లు ఊడదీసి గుల్లలు జాగ్రత్త చెయ్యి. ఎవరివో వాళ్ళకి ఇవ్వాలిగా."

"ఎవరివో తెలిస్తే కదా?"

ఓర్సోలీనా వెన్న గరిటె తుల్లియో చేతిలో పెట్టింది. ఫైనల్లో లేనివాడివి, సాయంత్రం దాకా చువ్వలు తిప్పుతుండమంది. ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించి కోటు వేసుకుంది. జేబులోంచి చిన్న ఇత్తడి బిళ్ళ ఒకటి తీసి, శ్రద్ధగా కోటు అంచుతో తుడిచి, గుండెల మీద గుచ్చుకుంది.

దాని మీద ఇరవై ఏడు అని ఉంది.