మూత మీది అంకె

సౌభాగ్య కూతురు మనస్విని మళ్లీ కంచం పక్కకు జరిపింది. చెయ్యి పైకెత్తగానే గాజు మోచేతి దాకా జారింది.

"ఇంట్ల వండిన దాంట్ల ఎన్ని క్యాలరీలున్నయో నీకెర్కనా అమ్మా?"

ఆబిడ్స్ హోటల్ కిచిడీ అయితే తింటుంది. ఆ డబ్బా మూత మీద మూడు వందల క్యాలరీలని స్టిక్కర్ ఉంటుంది.

మర్నాడు సౌభాగ్య నాంపల్లిలోని తన వంటింట్లోనే కిచిడీ వండింది. నెయ్యి దండిగా కలిపి, స్టిక్కర్ తడవకుండా కడిగి దాచిన హోటల్ డబ్బాలో నింపింది.

"పార్సిల్ తెచ్చిన బిడ్డా."

మనస్విని అంకె చదువుకుని ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. అంతలోనే ఆగిపోయింది.

"నెయ్యి మనింటిదే గద."



మనస్విని తలెత్తకుండా ఇంకో చెంచా తీసుకుంది.

"రేపు గూడ గిదే మూత పెట్టమ్మా."