రెండో వరుస

"జర నీళ్లు దొరుకుతయా భయ్యా?"

చేను గట్టు మీద గొడుగు పట్టుకొని నిలబడిన ఆడమనిషిని యెషయా కసురుకున్నంత పని చేశాడు. చొప్పదండి దగ్గర బస్సు దిగి నడిచొచ్చినట్టుంది, చెప్పుల నిండా బురద. అరవై ఏళ్లుంటాయి.

అతని భార్య రిబ్కమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఆవిడ తాగి, పత్తి చేను వైపు చూసింది. ఆకులన్నీ దొప్పల్లా ముడుచుకున్నాయి.

"ఏమైంది చేనుకు?"

అడిగిన పాపానికి యెషయా విరుచుకుపడ్డాడు.

"ఏమైతది? పై చేనోళ్లు చేసిన్రు. ఎండకాలంల కరీంనగరోళ్లెవరో కొన్నరు. మొఖం సుత చూపియ్యలే. కూలోళ్లతోని ఏం మందు కొట్టిపిస్తున్రో ఏమో, వాన పడితె గా నీళ్లన్ని నా చేన్లకే దిగుతయి. నాది రెండెకరాలు నాశనమైంది. వాళ్లది మాత్రం కళకళలాడ్తుంది. చూస్తుంటె నా కడుపు మండిపోతుంది."

"నేను..." అని ఆవిడ ఏదో చెప్పబోయింది.

"మీరెవరన్న గానియ్యి మేడం. వాళ్లను మాత్రం ఇడిసిపెట్ట. నా చేను ఎట్ల సచ్చిందో వాళ్లది గట్లనే సావాలె."

ఆవిడ చెప్పబోయింది మింగేసింది. గొడుగు మడిచి అడిగింది.

"పై చేనోళ్లే అని నీకెట్ల తెలుసు?"

"ఎవ్వలనడిగినా చెప్తరు."

"మనుషులు ఏమన్న చెప్తరు. మొక్కలను అడుగుదాం. నేను బడిల సైన్సు చెప్పేదాన్ని."

చేనులో మొలవని సందులు పూడ్చడానికి రిబ్కమ్మ కవర్లలో పత్తి మొక్కలు పెంచుతోంది. ఒకే పొట్లం విత్తనం, ఒకే మట్టి, ఒకే రోజు పెట్టినవి. ఆవిడ వాటిలోంచి పదిహేను ఏరి, ఐదేసి చొప్పున మూడు వరుసలు పెట్టింది.

"ఒక్కొక్కటి సాలదా?" అన్నాడు యెషయా.

"ఒక్కటి పెడితె, అది సస్తే ఎలుక కొరికిందంటవు."

రిబ్కమ్మ తెచ్చిన రెండు కొత్త సీసాలు చూపించి విడమరచి చెప్పింది. "ఒక వరుస మీద మీ బోరు నీళ్లు చల్లుత. ఒక దాని మీద పై చేన్లకెల్లి దిగిన నీళ్లు. గీ రెండు కొత్త సీసాలతోని. ఇంకో వరుసకు బోరు నీళ్లే, కాని నీ స్ప్రే పంపుతోని."

"నా పంపు ఏం జేసింది?"

"ఏం జెయ్యకపోతె మంచిదే. వరుసకు ఒక్కటే మార్చాలె. ఎండ, తడి, మట్టి అన్ని ఒక్క తీరుండాలె. అప్పుడే తప్పు దేనిదో తేలుతది."

ఏ వరుస దేనిదో చూడకుండా యెషయాను అటు తిరగమంది కూడా.

"నీ కండ్లల్ల కోపమున్నది. తెలిస్తే పచ్చటాకు గూడ నీకు సచ్చినట్టే కనపడ్తది."

వరుసల సంగతి కాగితం మీద రాసి, నాలుగు మడతలు పెట్టి రిబ్కమ్మకు ఇచ్చింది. రిబ్కమ్మ దాన్ని బైబిల్లో దాచింది. ఆ ఇంట్లో యెషయా చెయ్యి పెట్టని చోటు అదొక్కటే.

"పది దినాలు ఆగుండ్రి. నేనొచ్చేదాక కాయితం ఇప్పొద్దు."

ఆగడం యెషయా ఒంట్లోనే లేదు. పొద్దున లేస్తే కళ్లెదుట పై చేను. పూతకొచ్చిన పై చేను. అన్నం ముందు కూర్చున్నా అదే, ప్రార్థనకు మోకరించినా అదే.

ఏడో రోజు ఆదివారం. రిబ్కమ్మ చర్చికి పోయింది. పై చేనుకు కూలీలు రాలేదు. యెషయా పంపు నిండా గడ్డిమందు కలిపి, పట్టపగలే ఆ ఎకరం చేనంతా తిరిగి కొట్టాడు. చాలా రోజుల తర్వాత ఆ మధ్యాహ్నం కడుపు నిండా తిన్నాడు.

పదో రోజు ఆవిడ వచ్చింది. ఈసారి నీళ్లు అడగలేదు. ముఖం వాడిపోయి ఉంది.

మొదటి వరుస పచ్చగా ఉంది. రెండోదీ పచ్చగానే ఉంది. మూడో వరుసలో ఐదు మొక్కల ఆకులూ దొప్పల్లా ముడుచుకున్నాయి.

"గదే! గదే పై చేను నీళ్లది!" యెషయా తొడ కొట్టినంత పని చేశాడు.

రిబ్కమ్మ కాగితం రెండు మడతలు విప్పి చదివింది.

"ఒకటి, బోరు నీళ్లు. రెండు, పై చేను నీళ్లు. మూడు..." ఆమె మొగుడి వైపు చూసింది. "మూడు, మన పంపు."

"పత్తి కంటె ముందుగాల గా పంపుతోని ఏం కొట్టినవు?" అని అడిగింది ఆవిడ.

"మక్క చేనుకు గడ్డిమందు. కాని రెండుసార్లు జాడించిన మేడం. వాసన గూడ పోయింది."

"వాసన పోతది, మందు పోదు. గడ్డిమందుకు పంపు వేరే ఉండాలె."

ఆవిడ సంచిలోంచి ఒక పత్తి ఆకు తీసి మూడో వరుస పక్కన పెట్టింది. దారిలో పై చేనులో తెంపినది. రెండూ ఒకే తీరుగా ముడుచుకున్నాయి.

"పది దినాలన్న గదా. ఇంకో మూడు దినాలు ఆగకపోతివి."

యెషయా ఆవిడ కాళ్ల ముందు కూలబడ్డాడు.

"తప్పైంది మేడం. గా చేనోళ్లకు చెప్పకుండ్రి."

"వాళ్లకు తెలిసింది."

గొడుగు తెరిచి, గట్టెక్కి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. బస్సు పోయిన చప్పుడు వినిపించేదాకా యెషయా తలెత్తలేదు.

రిబ్కమ్మ చేతిలోని కాగితానికి ఇంకా మడతలు మిగిలే ఉన్నాయి. ఆమె వాటిని విప్పి, పది రోజుల కిందట అడుగున రాసిన వాక్యాన్ని మొగుడికి చదివి వినిపించింది.

"రెండో వరుస ముడుచుకుంటే తప్పు నాదే, ఈ ఏడు నా చేనులో పత్తంతా నువ్వే ఏరుకో. ఇట్లు, రషీదా, పై చేను."