ఇద్దరినే మోసే విమానం

"గొర్రెల్ని తూచే కాటా మీద నన్నెందుకు నిలబెడతాండారు పుల్లయ్యన్నా?" అంది అంకాలమ్మ.

"నాకేం తెలుసు మే. బాబా కూడా ఎక్కినాడు. ముల్లు కొసకు పోయేసరికి తల పట్టుకున్యాడు."

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పటి నుంచి అంకాలమ్మకు ఏదీ బుర్రకెక్కడం లేదు. ఎగైలాలోని ఇంట్లో వంట చేసుకుంటున్న ఆమెను, తాను బాబా అని పిలిచే యజమాని, మామా అని పిలిచే ఆయన భార్య తమ పాలుతాగే పాపతో పాటు కారెక్కించి సులైబియాలోని తోటకు తెచ్చేశారు. అక్కడ గొర్రెలు కాసే పుల్లయ్యదీ కడప జిల్లానే. గడ్డిమోపుల వెనక షెడ్డులో చిన్న విమానం ఉంది. ఏటా వేసవిలో ఆలుమగలు కొండల దేశాలకు పోయి ఇలాంటిదాంట్లోనే తిరిగేవారట. దాని పక్కన బాబా నిలబడిన ఫొటోను రోజూ తుడిచేది అంకాలమ్మే.

బాబా దారి చూపే పటం పరిచి చెప్పుకుపోతున్నాడు. అరబ్బీలో ఆమెకు అందింది సగమే.

"సముద్రం దాటితే ఇరాన్ కొండలు. వాలులో విమానం దిగే మట్టిదారి. కింది నుంచి ఎగువకే దిగాలి. ఇంజన్‌కు బలం తక్కువ, బరువు ఎక్కువైతే కొండ దాటదు. లోయలో దూరాక వెనక్కి తిరగడం ఉండదు."

మామా గోడకానుకుని కళ్లు మూసుకుంది. ఒళ్లో కుడిచేయి గుప్పిట బిగించి, ఎడమచేత్తో గాలిని తోస్తూ, కాళ్లు మార్చి మార్చి నేలను నొక్కుతోంది. భయానికి మతి పోయిందనుకుంది అంకాలమ్మ. గుప్పెడు ఉప్పు తెచ్చి దిష్టి తీసింది. మామా కళ్లు తెరవలేదు.

"అది ఇద్దరినే మోస్తాదంట," అన్నాడు పుల్లయ్య మెల్లగా. "పాప లెక్కలోకి రాదు. బాబా, నువ్వు."

"కన్నతల్లి ఉండంగ బిడ్డను పట్టుకునేదానికి నేనెందుకన్నా?"

"మతి లేని మనిషి చేతికి బిడ్డనెట్లిస్తారు మే?"

అంకాలమ్మ మామా వైపు చూసింది. కిందటేడు తనకు జ్వరమొస్తే పక్కన కూర్చుని నుదుట తడిగుడ్డ వేసింది ఈ మామానే. అలాంటి మనిషిని సైనికుల పాలు చేసి పోతాడా ఈయన? బాబా మీద ఆమెకు ఒళ్లు మండిపోయింది.

తెల్లవారుతుండగానే బాబా తొందరపెట్టాడు.

"యల్లా. ఎండెక్కితే లేవదు. వెనక సీట్లో ఎక్కు."

"మామాను ఇడ్సిపెట్టి నేను రాను బాబా."

ఆయన పాపను ముద్దుపెట్టుకుని, మళ్లీ పెట్టుకుని, అంకాలమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టి ఆమె ఒళ్లో ఉంచి బెల్టు బిగించాడు. "గట్టిగా పట్టుకో. ఖలాస్, ఇక అంతే," అన్నాడు.

కొంగు పాపకు కప్పి, కళ్లు గట్టిగా మూసుకుని, అంకాలమ్మ ఊళ్లో గంగమ్మకు మొక్కుకుంది. ముందు తలుపు పడింది. ఇంజన్ దడదడలాడింది. ఇసుక మీద ఎగిరెగిరి పడి, చక్రాలు నేలను వదిలాయి. ఇక ఆమె ఉండబట్టలేకపోయింది.

"పాపం తగులుతాది బాబా, ఎనక్కి తిప్పు. మామా..."

కళ్లు తెరిచి కిందికి చూసింది. పుల్లయ్య పక్కన బాబా నిలబడి చేయి ఊపుతున్నాడు.

ముందు సీట్లో మామా, కాళ్లు మార్చి మార్చి నొక్కుతోంది.