గేర్‌బాక్స్‌కు బొట్టు

చిక్కడపల్లి మెకానిక్ షెడ్డులో గోనెసంచి మీద ఒక గేర్‌బాక్స్. నల్లగా, జిడ్డుగా.

నాకు మాత్రం బంగారమే.

మా ఆయన బాలకిషన్ ఎడమ కాలికి క్లచ్ తొక్కే సత్తువ లేదు. అందుకే దుబాయి నుంచి వచ్చినాయన దగ్గర ఆటోమేటిక్ జపాన్ కారు కొన్నాం. దానికి క్లచ్చే ఉండదు.

పోయిన ఎండాకాలం దాని గేర్‌బాక్స్ చచ్చింది. అప్పటి నుంచి అశోక్‌నగర్‌లో కారు గేటు ముందు, ఆయన వరండాలో. ఇద్దరూ కదలరు.

తొంభై ఆరులో హైదరాబాద్‌లో ఇలాంటిది దొరకడమంటే మాటలా! మెకానిక్ జైపాల్ పాత సామాన్ల కబాడి దుకాణాలన్నీ గాలించి పట్టుకొచ్చాడు.

"ఎక్కించు మరి, ఏం చూస్తున్నవ్?" అన్నాను.

"ఆగక్కా. నంబరు రేకు ఊడిపోయింది. ఏ కారుదో తెల్వాలె. వేరే ఇంజన్‌ది అయితే రెండూ ఖరాబైతయి."

"అమ్మినోణ్ని అడుగు."

"అడిగిన. కుప్పల నుంచి తీసిచ్చిండు, వానికేం తెల్వదు."

మా ఆయన ముఖం వాడిపోయింది. "ఇంటికి పోదాం పా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఉత్త చేతులతో పోతామా? కిరోసిన్ గుడ్డ అందుకుని నేనే రుద్దాను.

జిడ్డు కింద ఎర్రటి చుక్క. ఎంత రుద్దినా పోదే!

"పెయింట్ అక్కా."

"పెయింటా, నీ మొహం! గోళ్లరంగిది. దసరా బొట్టు. జిడ్డు మీద కుంకుమ నిలవదని గోళ్లరంగు పెట్టింది. ఆడమనిషి కారు!"

"గేర్‌బాక్స్‌కెవరు పెడ్తరక్కా బొట్టు?"

"పండుగనాడు ఇది రిపేరుకని బండిల నుంచి తీసి బయట పెట్టి ఉండొచ్చు. బండికి పూజ చేసి దీన్ని ఇడిసిపెడ్తరా?"

జైపాల్ నెత్తి కొట్టుకున్నాడు. "నారాయణగూడ బ్యాంకు మేడం! స్వర్ణ మేడం! ఒక కాలు పోలియో, ఆమెది గూడ క్లచ్ లేని కారే. ఆమె తెల్ల కారు పోతుంటే మేమంతా పని ఆపి చూసేటోళ్లం!"

ముగ్గురం ఒకే ఆటోలో పడ్డాం.

స్వర్ణ తలుపు తీయగానే గుమ్మంలోనే అడిగేశాను. "మేడం, మీరు గేర్‌బాక్స్‌కు బొట్టు పెట్టిన్రా?"

ఆమె పకపకా నవ్వింది. "పెట్టిన. దసరానాడు షెడ్డుల ఒక్కటే కింద పడుంది. పాపమనిపించింది."

"జపాన్ కారేనా? ఏ సంవత్సరంది?" మా ఆయన ఒక అడుగు ముందుకేశాడు.

ఆమె కంపెనీ పేరు, మోడల్ చెప్పింది. "తొంభైది."

"మాది గూడ గదే! తొంభైదే!" అని అరిచాడాయన. ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో.

"మరి మీ కారేమైంది మేడం?" అన్నాను.

"రోడ్డు పక్కన ఆపి ఉంటే లారీ వెనక నుంచి గుద్దింది. తుక్కు కింద అమ్మేసినం. నేను లోపల లేను. అయినా మా అన్నలు మళ్ల కారు కొననియ్యలే."

ఆదివారానికి గేర్‌బాక్స్ ఎక్కింది. చూడటానికి స్వర్ణ కూడా చేతికర్ర ఊతంతో వచ్చింది.

జైపాల్ తాళం తిప్పి గేరు వేశాడు. కారు మెల్లగా ముందుకు కదిలింది. గల్లీ అంతా వినేలా చప్పట్లు కొట్టాను, సిగ్గేముంది!

జైపాల్ దిగి తాళం మా ఆయన చేతిలో పెట్టాడు. ఆయన డ్రైవర్ వైపు తలుపు తీశాడు.

తీసి, ఆగాడు.

"మేడం, మొదలు మీరు ఒక రౌండు కొట్టండి."

"అయ్యో, వద్దండి. అలవాటు పోయింది" అంది స్వర్ణ.

చేతికర్ర మాత్రం అప్పటికే నాకిచ్చేసింది.