ఏడో వంపు

టండ్రా నేల కరగడం మొదలయ్యాక ఆ ధ్రువనది ఏటా దారి మార్చుకుంటోంది. గట్టు కూలినప్పుడల్లా, తెర మీద తనను తానే దిద్దుకునే మాటలొచ్చిన నది పటం అడిగే ప్రశ్నలకు జవాబులివ్వడం సిక్కోలు నుంచి వలసొచ్చిన నూకరత్నం పని.

ఈ ఉదయం ఏడో వంపు కూలిపోయింది.

"అక్కడ ఇల్లేమైనా ఉందా?" అడిగింది పటం.

"నేదు."

"అంకె తప్ప ఆ వంపుకి పేరుందా? పేరు లేనివాటిని చెరిపేస్తాను."

పుట్టిన తొమ్మిదో రోజున పోయిన ఆమె బిడ్డను నిరుడు ఆ గట్టులోనే పూడ్చారు. "ఈ వంపులో మంచు కరగదే. మన పిల్ల నిద్దరోతున్నట్టే ఉంటాది" అని గొయ్యి తవ్వుతూ మొగుడు ధైర్యం చెప్పాడు.

బారసాలకి ఎంచుకున్న పేరు ఆమె పెదవులదాకా వచ్చింది. కన్నబిడ్డ చెవిలోనే చెప్పని పేరు పటానికెలా చెప్పడం?

"నేదు," అంది నూకరత్నం.

పటంలో గట్టున్న చోట నది నీలిరంగు పరుచుకుంది.