చెయ్యెత్తిన ఉప్పలయ్య

మా పూజగదిలో వెండి కుంది దొంగిలించి పిల్లల జైలుకు పోయిన ఉప్పలయ్య, ఖిలా వరంగల్‌లో కబడ్డీ ఆడుతున్నాడు. నేను మెడలోని గొలుసు మీద కొంగు కప్పుకున్నాను.

"ఆటతోని పోరగాండ్లు మారుతాండ్రమ్మా," అన్నాడు ఆ జైలు డ్రిల్లు సారు.

"దొంగబుద్ధి ఆటతోని పోతదా సారూ?"

ఆఖరి కూత. కూతకొచ్చిన అవతలి జట్టువాడు ఎవరినీ తాకలేదని అంపైర్ చెయ్యి ఊపాడు. అప్పుడు ఉప్పలయ్య చెయ్యెత్తాడు.

"నన్ను తాకిండు సార్. నేను అవుట్."

ఒక్క పాయింటుతో ఓడిపోయారు.

"ఎవలు చూసిండ్రురా, పిచ్చోడా?" అని జట్టువాళ్లు మీదపడ్డారు.

"నాకెర్కే గదరా!"

ఇదీ నాటకమే అనుకున్నాను. కానీ గొలుసు మీది కొంగు జారినా సర్దుకోలేదు.

కోర్టులోనూ వాడు, "నేను తియ్యలేదమ్మా," అని ఏడ్చాడు. తీస్తుంటే కళ్లారా చూశానని దేవుడి మీద ప్రమాణం చేశాను.

కుంది పోయిన వేళ నేను వంటింట్లో ఉన్నాను.