నలభై రెండో ప్రశ్న

...అయినా, కాదనడానికి ఎక్కడో ఒక సందు ఉండకపోదు. ప్రతి వాదనకీ ఉంటుంది. దీనికి మాత్రం దొరకడం లేదు.

మాస్టారు ఆ అభ్యంతరాన్ని నాలుగోసారి చదివాడు. అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి. ఇంగ్లీషు మాత్రం కడిగిన ముత్యం. నలభై రెండో ప్రశ్నలో 'ఐ డోంట్ మైండ్' తర్వాత ఖాళీ, ఆపైన 'సింగింగ్'. ఖాళీలో 'హిజ్' ఒక్కటే ఒప్పని జవాబుల కీ అంటోంది. 'హిమ్' కూడా చెల్లుతుందని అభ్యంతరం. నాలుగు ఉదాహరణలు, రెండు నిఘంటువులు. ఒక్క దురుసు మాట లేదు.

టీచరు ఉద్యోగాల పరీక్షకు ఇంగ్లీషు ప్రశ్నలు తయారుచేసింది మాస్టారే. కీ ఆయనదే. కీ మీద ఎవరైనా అభ్యంతరం పంపవచ్చు. దాన్ని తేల్చేదీ ఆయనే. పంపినవాళ్ల పేరు పరీక్షల బోర్డు ఆయనకు చెప్పదు, ఆయన పేరు లోకానికి చెప్పదు.

తలుపు చప్పుడైంది. గబుక్కున కాగితం మీద వార్తాపత్రిక కప్పాడు. పై వాటాలో ఉండే అమ్మాయి, పాత శిష్యురాలు.

"కీ చూసి లెక్కేసుకున్నాను మాస్టారూ. ఒక్క మార్కులో పోయేలా ఉంది. 'హిమ్' పెట్టి చచ్చాను."

"అయ్యో."

"రెండూ ఒప్పేనని క్లాసులో మీరే చెప్పారు కదండీ!"

"చెప్పానా?"

"చెప్పారు. ఆ కీ రాసిన మహానుభావుడెవడో మీ దగ్గర నాలుగు రోజులు కూర్చోవాల్సింది." నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఎవరో పుణ్యాత్ముడు అభ్యంతరం పెట్టాడట. బోర్డువాళ్లు నోటీసులో వేశారు. ఒప్పుకుంటారంటారా?"

"న్యాయముంటే ఎందుకు ఒప్పుకోరమ్మా?"

ఆ మాట పట్టుకుని ఆమె మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఆయన ఫారం ముందుకు లాక్కున్నాడు. రెండే గడులు. 'తిరస్కరిస్తున్నాను.' 'నా కీ తప్పని అంగీకరిస్తున్నాను.' కింద సంతకం.

ముప్ఫై అయిదేళ్లుగా ఎన్ని వేల తప్పుల కింద ఎర్రగీత గీశాడో! పెన్ను రెండో గడి దాకా వెళ్లింది. 'తప్పు' అన్న మాట కింద తన పేరు ఎలా ఉంటుందో కళ్లకు కట్టింది. నలుగురిలో చొక్కా విప్పి నిలబడ్డట్టనిపించింది. ఎవరు అడిగితే మాత్రం, ఆ మాట తన నోటితో ఎలా అనడం?

మొదటి గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసి, పది రోజుల కిందట తానే ఎడమచేత్తో రాసి పోస్టు డబ్బాలో వేసిన ఆ అభ్యంతరాన్ని మడిచి కవర్లో పెట్టాడు.